రాత్రి డ్యూటీ, ఆదివారం గడువు: నర్సులు మళ్లీ బడికెళ్లిన కథ

"డ్యూటీలో ఇయర్‌ఫోన్ పెట్టుకోనివ్వరు, రాసి కూడా పెట్టండి" అని అడిగేవాళ్ల కోసం ఈ వారం ఎపిసోడ్ ఇక్కడ రాతలో పెడుతున్నా. మైకు ముందు తొందరలో వదిలేసిన సంగతులు కొన్ని కలిపాను.

ఈ ఎపిసోడ్‌కి కారణం కువైట్ నుంచి వచ్చిన ఒక వాయిస్ మెసేజ్. ఆవిడది కడప జిల్లా. జీఎన్ఎం చదివి, పంతొమ్మిదేళ్లుగా వార్డుల్లో పనిచేస్తోంది. గొంతులో కోపం ఉంది, దాని అడుగున ఇంకేదో కూడా ఉంది. "అక్కా, కొత్తగా వచ్చిన పిల్లలకి చెయ్యి పట్టుకుని క్యానులా పెట్టడం నేర్పింది నేను. ఇప్పుడు ప్రమోషన్ అనేసరికి వాళ్లకి బీఎస్సీ ఉంది, నీకు లేదంటున్నారు. ఆన్‌లైన్‌లో చేసెయ్ అంటున్నారు. నలభై రెండేళ్లొచ్చాక మళ్లీ పలక పట్టుకోవాలా? అసలు ఈ డిగ్రీ గోల ఎవరు మొదలుపెట్టారక్కా?"

చదవాలా వద్దా అన్నదానికి నా జవాబు చివర్లో చెప్తా. ఎవరు మొదలుపెట్టారన్నది మాత్రం చరిత్ర ప్రశ్న. దాని జవాబు ఎక్కువ భాగం నేనిప్పుడు ఉంటున్న అమెరికాలో ఉంది. నాకు అది దొరికింది కూడా, అచ్చం ఆవిడలాగే కోపంగా ఆన్‌లైన్ క్లాసులో కూర్చున్నప్పుడే.

నాది గుంటూరు జిల్లా. 1993లో ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో చేరా. మూడున్నరేళ్ల జీఎన్ఎం. తర్వాత హైదరాబాదులో కొన్నాళ్లు, కువైట్‌లో ఆరేళ్లు. 2005లో అమెరికా, వాడకుండా మిగిలిపోయిన ఇమ్మిగ్రెంట్ వీసాలు 50,000 బయటికి తీసి నర్సులకీ ఫిజికల్ థెరపిస్టులకీ ఇస్తామంది. ఆ ఏడాది జనవరి నుంచే నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌ని లండన్, హాంకాంగ్, సియోల్‌లలో కూడా రాయొచ్చన్నారు. అంతకుముందు దానికోసం అమెరికా గడ్డ మీదికే వెళ్లాల్సొచ్చేది. నేను అప్పుచేసి హాంకాంగ్ వెళ్లి రాసి, 2006 చలికాలంలో న్యూజెర్సీలో దిగా.

పదేళ్లు గడిచాయి. గుండె జబ్బుల వార్డు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా. 2016లో మేనేజర్ పిలిచి, ఛార్జ్ నర్సు పోస్టుకి నా పేరే ముందుందని, ఒక్కటే అడ్డమని చెప్పింది. బీఎస్ఎన్ లేదు. అంటే నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ. మా యూనిట్లో ఫిలిప్పీన్స్ వాళ్లకి ఆ బాధ లేదు, వాళ్ల దేశంలో నర్సు కావాలంటే నాలుగేళ్ల డిగ్రీ చదవాల్సిందే. మిగిలింది ఇద్దరు కేరళ అక్కలు, నేను, ఇక్కడే పుట్టి ఇక్కడే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల నర్సింగ్ చదివిన ఒక తెల్లావిడ. ఆమె నాకంటే పెద్దది, నాకంటే ఎక్కువ మండిపడింది. "ముప్పై ఏళ్ల కింద నా చదువు సరిపోయింది కదా, ఇప్పుడు ఏమైంది?" అని.

ఆన్‌లైన్ కాలేజీకి నా మార్కుల పత్రాలు పంపితే వాళ్లు తూచి చెప్పారు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ కొంతవరకు లెక్కలోకొచ్చాయి. వార్డుల్లో, లేబర్ రూంలో, ఊళ్లలో సబ్‌సెంటర్ పోస్టింగుల్లో గడిపిన వేల గంటలకి ఆ త్రాసులో బరువే లేదు. మూడున్నరేళ్లు చదివింది ఒక కాగితం మీద నాలుగు వరసలై కూచుంది. ఆ రాత్రి బ్రేక్ రూంలో మైక్రోవేవ్ ముందు నిలబడి ఏడ్చానంటే నవ్వకండి.

ఇక చరిత్రలోకి వెళ్దాం.

అమెరికాలో నర్సుల చదువు ఆసుపత్రిలోనే పుట్టింది. 1873లో న్యూయార్క్‌లో, న్యూహేవెన్‌లో, బోస్టన్‌లో మూడు స్కూళ్లు మొదలయ్యాయి, లండన్‌లో ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో పెట్టిన స్కూలు చూసి. నైటింగేల్ పద్ధతిలో స్కూలుకి సొంత డబ్బు, సొంత పెత్తనం ఉండాలి. అమెరికాలో అది త్వరగానే పోయింది. ఆసుపత్రి యజమాన్యాలకి ఒక సంగతి తెలిసొచ్చింది: నర్సింగ్ స్కూలు పెడితే జీతం లేని మనుషులు దొరుకుతారు. పిల్లలు చదువుకుంటున్నారని పేరు, వార్డు నడిపేది వాళ్లే. నేల తుడవడం, గుడ్డలు ఉతకడం, రోగిని చూసుకోవడం, రోజుకి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పాఠం ఏమన్నా ఉంటే ఆ పైన, నిద్ర కళ్లతో. 1880లో దేశం మొత్తమ్మీద ఇలాంటి స్కూళ్లు 15. 1900 కల్లా 432. చదువు మీద అంత ప్రేమ ఒక్కసారిగా పుట్టుకొచ్చిందనుకోకండి. చదువు పూర్తయిన నర్సుని ఆసుపత్రి ఉద్యోగంలో పెట్టుకునేది కాదు, డబ్బివ్వాలి కదా. ఆమె బయటికెళ్లి ఉన్నవాళ్ల ఇళ్లలో ప్రైవేటు డ్యూటీ వెతుక్కునేది. ఆమె మంచం దగ్గరికి కొత్త విద్యార్థిని వచ్చేది.

ఇది చదువుతుంటే నాకు మా స్కూలు కళ్లముందు కదిలింది. పొద్దున ఆరింటికి ప్రార్థన, ఆరున్నరకి వార్డు. రెండో ఏడాదికే రాత్రి డ్యూటీలో నలభై పడకలకి ఒక స్టాఫ్ నర్సు, ఇద్దరు విద్యార్థినులం. పరీక్షల ముందు రోజు కూడా. అది మన దేశపు పేదరికం అనుకునేదాన్ని. కాదు, ఆ పద్ధతి సముద్రం దాటి వచ్చింది.

గుంటూరువాళ్లకి కుగ్లర్ ఆసుపత్రి తెలిసే ఉంటుంది. ఆనా సారా కుగ్లర్ అని, పెన్సిల్వేనియా నుంచి వచ్చిన లూథరన్ మిషన్ డాక్టరమ్మ. 1883లో గుంటూరు చేరింది, 1898లో ఆడవాళ్లకోసం ఆసుపత్రి తెరిచింది, 1930లో చనిపోయేదాకా ఆ ఊరితోనే ఉంది. ఆమెకి తోడుగా అమెరికాలో శిక్షణ పొందిన నర్సులొచ్చారు, మన ఆడపిల్లలకి అక్కడే పని నేర్పారు. కోస్తాలో, రాయలసీమలో మిషన్ ఆసుపత్రులు పెట్టిన చోటల్లా ఇదే వరస. ప్రభుత్వం వైపు చూస్తే, మద్రాసు జనరల్ హాస్పిటల్లో 1871 నుంచే శిక్షణ ఉంది. కానీ మాలాంటి పల్లెటూరి పిల్లలకి, ముఖ్యంగా దళిత క్రైస్తవ కుటుంబాల పిల్లలకి, తలుపు తీసింది మిషన్ స్కూళ్లే. "ఎవరి మలమూత్రాలో ఎత్తే పని" అని మిగతావాళ్లు మొహం తిప్పుకున్న రోజుల్లో మా మేనత్త అక్కడ చదివి, మా ఇంట్లో మొదటి నెలజీతం తెచ్చింది. ఆ రుణం నేను మరిచిపోలేను.

అందుకే ఈ చరిత్ర నన్ను రెండువైపులా కోసింది. నేను చదివిన చదువుకి మూసపోసింది అమెరికావాళ్లే. వాళ్ల ఆసుపత్రి డిప్లొమా పద్ధతే గుంటూరు దాకా వచ్చింది. వందేళ్ల తర్వాత అదే చదువు చేత్తో పట్టుకుని వాళ్ల దేశానికొస్తే, ఇది కాలేజీ చదువు కాదన్నారు. కాకపోతే ఆ మాట వాళ్లు ముందు తమ సొంత నర్సులకే చెప్పారు.

"మళ్లీ బడికెళ్లే నర్సు" అన్న మనిషి ఇవాళ పుట్టినది కాదు. 1899లో న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న టీచర్స్ కాలేజీలో, అప్పటికే శిక్షణ పూర్తయిన నర్సుల కోసం ఒక కోర్సు పెట్టారు. స్కూళ్లు నడపడం, పాఠం చెప్పడం నేర్పడానికి. చేరినవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. 1907లో మేరీ అడిలైడ్ నటింగ్ అక్కడ ప్రొఫెసర్ అయింది. ప్రపంచంలో నర్సింగ్‌కి ప్రొఫెసర్ అన్న హోదా దొరికిన మొదటి మనిషి ఆవిడే. 1909లో మిన్నెసోటా యూనివర్సిటీలో నర్సింగ్ స్కూలు వచ్చింది. 1923లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో ఒక కమిటీ నివేదిక ఇచ్చింది. జోసెఫీన్ గోల్డ్‌మార్క్ రాసిన ఆ నివేదిక చెప్పిందల్లా ఒక్క ముక్కలో చెప్తా: ఆసుపత్రి పని వేరు, చదువు వేరు, రెండిటినీ కలిపితే చదువే నష్టపోతుంది. 1948లో ఈస్థర్ లూసిల్ బ్రౌన్ ఇంకో నివేదికలో నర్సుల చదువు కాలేజీలకి, యూనివర్సిటీలకి మారాలంది. పాతికేళ్ల తేడాతో రెండు నివేదికలు ఒకే మాట అన్నాయి, ఆసుపత్రులు రెండుసార్లూ వినిపించుకోలేదు.

మధ్యలో ఒక ఐదేళ్లు మాత్రం వేరు. ఈ ముక్క నాకు బాగా ఇష్టం, కాస్త ఆగి చెప్తా. రెండో ప్రపంచయుద్ధంలో నర్సులు చాల్లేదు. 1943లో ఒహాయో నుంచి కాంగ్రెస్‌లో ఉన్న ఫ్రాన్సెస్ బోల్టన్ అనే ఆవిడ తెచ్చిన చట్టంతో క్యాడెట్ నర్స్ కోర్ వచ్చింది. ఫీజు ప్రభుత్వానిది, పుస్తకాలు ప్రభుత్వానివి, యూనిఫాం ప్రభుత్వానిది, పైగా నెలకింత చేతిఖర్చు. చట్టంలోనే జాతి వివక్ష కూడదని రాశారు, ఆ రోజుల్లో అది చిన్నమాట కాదు. 1948 దాకా సుమారు 1,24,000 మంది ఆ డబ్బుతో చదివి నర్సులయ్యారు. అంటే కావాలనుకుంటే ప్రభుత్వం చెయ్యగలదు. యుద్ధం అయ్యాక ఆ పద్దు మూసేశారు.

అప్పుడొచ్చింది మా యూనిట్ తెల్లావిడ చదివిన రెండేళ్ల చదువు. 1951లో మిల్డ్రెడ్ మాంటాగ్ అనే నర్సు టీచర్స్ కాలేజీలోనే డాక్టరేట్ పరిశోధనలో ఒక ఉపాయం చెప్పింది. నర్సుల కొరత తీరాలంటే, ఆసుపత్రి వెట్టి నుంచి చదువుని తప్పించాలంటే, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లలో "నర్సింగ్ టెక్నీషియన్" ని తయారు చెయ్యొచ్చు. ప్రొఫెషనల్ నర్సు పక్కన ఆమె పనిచేస్తుంది. 1952లో ప్రయోగంగా కొన్ని కాలేజీల్లో మొదలుపెట్టారు. మాంటాగ్ లెక్కలో అది మెట్టు కాదు, అక్కడితో పూర్తయ్యే చదువు. కానీ ఆ పిల్లలు కూడా మిగతావాళ్లు రాసే లైసెన్సు పరీక్షే రాశారు, బాగా పాసయ్యారు. లైసెన్సు ఒకటే అయినప్పుడు ఆసుపత్రికి టెక్నీషియన్ ఎవరు, ప్రొఫెషనల్ ఎవరు? అందరికీ ఒకే యూనిఫాం, ఒకే డ్యూటీ. చిక్కుముడి అక్కడ పడింది. ఇవాళ్టికీ విడలేదు. రెండేళ్లు చదివినా, మూడేళ్ల డిప్లొమా అయినా, నాలుగేళ్ల డిగ్రీ అయినా అమెరికాలో రాసేది ఒక్కటే ఎన్‌క్లెక్స్.

1965లో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ ఒక ప్రకటన చేసింది. ప్రొఫెషనల్ నర్సు అనిపించుకోవాలంటే కనీసం బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి, రెండేళ్లది టెక్నికల్ చదువు అని. కువైట్ చెల్లెలు అడిగిన "ఎవరు మొదలుపెట్టారు" కి ఒక తేదీ చెప్పమంటే నేను ఇదే చెప్తా. అప్పుడు అమెరికాలో పనిచేస్తున్న నర్సుల్లో ఎక్కువమంది ఆసుపత్రి డిప్లొమావాళ్లు. వాళ్ల సంఘమే లేచి, మీరు ప్రొఫెషనల్స్ కాదంది! ఎంత గొడవ జరిగుంటుందో ఊహించుకోండి. చట్టం మాత్రం ఏ రాష్ట్రమూ వెంటనే చెయ్యలేదు. ఉత్తర డకోటా ఒక్కటే 1987లో కొత్త రిజిస్టర్డ్ నర్సులకి డిగ్రీ తప్పనిసరి చేసింది, 2003లో అదీ ఎత్తేసింది.

నన్నడిగితే 1965 ప్రకటనలో తప్పు కోరికలో లేదు. డాక్టర్ చదువు యూనివర్సిటీలో ఉండొచ్చు, నర్సు చదువు మాత్రం వంటింటి పక్కనే ఉండాలా? లేదు. తప్పు ఎక్కడుందంటే, ఆ నాలుగేళ్లకి డబ్బెవరిస్తారు, ఇప్పటికే పనిచేస్తున్న లక్షలమంది సంగతేంటి అన్నది గట్టుమీద వదిలేశారు. 1964లో ఒక చట్టం కింద ప్రభుత్వం నర్సింగ్ స్కూళ్లకీ విద్యార్థులకీ కొంత సాయం మొదలుపెట్టింది నిజమే, కానీ యుద్ధకాలపు ఉదారత మళ్లీ రాలేదు. రెండు పిల్లలు, ఇంటి అద్దె, రాత్రి డ్యూటీ ఉన్న మనిషి రోజూ కాలేజీకెలా వెళ్తుంది?

దూరవిద్య ఆ ఖాళీలోకి వచ్చింది. 1970ల మొదట్లో న్యూయార్క్ రాష్ట్రం క్లాసుకి రాకుండానే పరీక్షలు రాసి డిగ్రీ తెచ్చుకునే ఎక్స్‌టర్నల్ డిగ్రీ పెట్టింది, అందులో నర్సింగూ ఉంది. పోస్టులో సిలబస్, ఇంట్లో చదువు, ఆసుపత్రిలో ప్రాక్టికల్ పరీక్ష. మనకి ఇది కొత్తేం కాదు. మన దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాదులో వచ్చిందే కదా, ఇప్పుడు అంబేద్కర్ పేరుమీదున్నది. కండక్టర్లు, కానిస్టేబుళ్లు, అంగన్‌వాడీ టీచర్లు ఆదివారం క్లాసులకి టిఫిన్ డబ్బాతో వెళ్లడం మనం చూశాం. ఇగ్నో 1990ల్లో జీఎన్ఎం నర్సులకి దూరవిద్యలో పోస్ట్ బేసిక్ బీఎస్సీ పెట్టింది. ఇంటర్నెట్ వచ్చాక అమెరికాలో ఆ పోస్టు సంచి కాస్తా కంప్యూటర్ తెరయింది, కాలేజీల మధ్య పోటీ మొదలైంది, ఆసుపత్రి కెఫెటీరియా బయట బల్లవేసి పెన్నులు, చాక్లెట్లు పంచుతూ అడ్మిషన్లు రాసుకునే దాకా వచ్చింది.

ఇవన్నీ ఉన్నా, డిగ్రీని ఆసుపత్రులు పట్టుబట్టేలా చేసింది 2003లో వచ్చిన ఒక పరిశోధన. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లిండా ఐకెన్ బృందం, ఆ రాష్ట్రంలోని 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేయించుకున్న 2,32,342 మంది రికార్డులు చూసింది. ఆసుపత్రిలో బ్యాచిలర్ డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం పెరిగితే, ముప్పై రోజుల్లో రోగి చనిపోయే అవకాశం 5 శాతం తగ్గిందని తేల్చింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది. 2010లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ దీన్నీ, ఇలాంటివాటినీ ముందుపెట్టుకుని, 2020 కల్లా నర్సుల్లో 80 శాతం మందికి డిగ్రీ ఉండాలంది. మాగ్నెట్ అనే గుర్తింపు కోసం పోటీపడే ఆసుపత్రులు 2013 నుంచి నర్స్ మేనేజర్లందరికీ డిగ్రీ చూపించాల్సొచ్చింది. 2017 డిసెంబరులో న్యూయార్క్ చట్టమే చేసింది: కొత్తగా లైసెన్సు పొందే నర్సు పదేళ్లలో డిగ్రీ తెచ్చుకోవాలి, పాతవాళ్లకి మినహాయింపు. 2020 వచ్చేసరికి ఆ 80 శాతం నెరవేరలేదు, మూడింట రెండు వంతుల దగ్గర ఆగింది. ఇంగ్లండ్‌లో అయితే 2013 నుంచి కొత్త నర్సులకి డిగ్రీ తప్ప వేరే దారే లేదు. గల్ఫ్‌లో ఉన్న శ్రోతలకి ఈ గాలి ఎటు వీస్తోందో నేను చెప్పక్కర్లేదు.

ఆ 2003 పేపరు మాకు అసైన్‌మెంటుగా ఇచ్చారు. చదివి వారంలోపల రెండు వందల యాభై మాటల్లో అభిప్రాయం రాయాలి, ఇంకో ఇద్దరి అభిప్రాయాలకి జవాబివ్వాలి, గడువు ఆదివారం రాత్రి 11:59. శనివారం నైట్ డ్యూటీలో తెల్లవారుజామున మూడింటికి ప్రింటు తీసుకుని కూర్చున్నా. అందులో ఒకచోట, నర్సుల అనుభవం ఎన్నేళ్లన్నది మరణాల మీద విడిగా ప్రభావం చూపలేదని ఉంది. అది చదివి కాగితం బల్లమీద పడేశా. రెండు నెలల కిందట, బైపాస్ అయిన మూడోరోజు ఒక పెద్దాయన, మానిటర్లో అంకెలన్నీ బాగున్నా, నాకెందుకో నచ్చలేదు. దుప్పటి అంచు వేళ్లతో ఊరికే నలుపుతున్నాడు. డాక్టర్ని రెండుసార్లు లేపా, రెండోసారి విసుక్కున్నాడు. గంటలో ఆయన్ని మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లారు. గుండె చుట్టూ రక్తం చేరింది. ఆ వేళ్లు నాకు ఏ కాలేజీ నేర్పింది? పదిహేనేళ్ల వార్డులే కదా నేర్పాయి. దానికి విలువ లేదా?

డిస్కషన్‌లో ఇదే రాశా, కోపంగానే. మా టీచరు, ఆవిడా పాత ఐసీయూ నర్సే, మార్కులు తగ్గించకుండా ఒక్క వాక్యం కింద గీతగీసి పంపింది. అది ఏ వాక్యమో అప్పుడు అర్థం కాలేదు. రెండు టర్ముల తర్వాత స్టాటిస్టిక్స్ కోర్సులో అర్థమైంది. నాకు లెక్కలంటే భయం. పదో తరగతిలో ఉన్న మా అమ్మాయి వంటగదిలో కూర్చోబెట్టి, పప్పుగింజలు గిన్నెల్లో పోసి రెగ్రెషన్ చెప్పింది. అప్పుడు ఆ పేపరు మళ్లీ తీశా. ఆ లెక్క ఆసుపత్రుల మధ్య పోలిక. ఏ ఆసుపత్రిలో ఎంత శాతం నర్సులకి డిగ్రీ ఉంది, అక్కడ ఎంతమంది చనిపోయారు అని. కొన్ని ఆసుపత్రుల్లో ఆ శాతం సున్నా, ఒకచోట 77. ఈ నర్సు మంచిది, ఆ నర్సు కాదు అని అందులో ఎక్కడా లేదు. డిగ్రీ ఉన్న ఏ ఒక్క నర్సూ డిగ్రీ లేని నాకంటే నయమని అది చెప్పలేదు. వార్డు నిండా చదువుకున్నవాళ్లుంటే రోగికి మేలన్నది మాత్రం చెప్పింది, ఆ మాట కాదనడానికి నాకు ఆధారం లేదు. నా పెద్దాయన కథ అబద్ధం కాదు, కానీ అది ఒక్క కథ. వాళ్లవి రెండు లక్షల పైచిలుకు.

అంటే ఆ పరిశోధన ఆసుపత్రికి చెప్పిన మాట: "నీ నర్సులని చదివించు." అది కింద వార్డు దాకా దిగొచ్చేసరికి మాకు వినిపించిన మాట: "నువ్వు సరిపోవు, వెళ్లి చదువుకో." ఆ మార్పు మధ్యలో ఎక్కడో జరిగింది, దానివల్ల ఖర్చు చేతులు మారింది. నా అక్కసంతా ఇప్పుడు అక్కడే.

ఖర్చు సంగతి దాచకుండా చెప్తా, మీకు పనికొస్తుంది. అమెరికాలో యజమాని ఉద్యోగి చదువుకి ఇచ్చే డబ్బు మీద ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను లేదు. ఆ అంకె 1986లో పెట్టారు, తర్వాత దశాబ్దాలపాటు ఫీజులు పెరిగినా అది పెరగలేదు. మా ఆసుపత్రి ఆ అంకె దాకా ఇచ్చి, చదువయ్యాక రెండేళ్లు అక్కడే పనిచెయ్యాలని సంతకం తీసుకుంది. మిగతాది నా జేబులోంచి. సమయం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. వారానికి మూడు పన్నెండు గంటల రాత్రులు అలాగే ఉన్నాయి. 1890ల్లో న్యూయార్క్ విద్యార్థిని వార్డు పనయ్యాక నిద్రకళ్లతో పాఠం విన్నది. 2016లో నేనూ అంతే. ఆమెకి జీతం లేదు, నాకుంది. పెద్ద తేడానే, కాదనను. ఒక ఆదివారం 11:54కి అప్‌లోడ్ కొట్టి అలాగే కుర్చీలో నిద్రపోతే, పొద్దున మా ఆయన లాప్‌టాప్ మూసి పిల్లని బడికి పంపి వెళ్లాడు. ఆ రెండేళ్లలో మా అమ్మాయి స్కూలు కార్యక్రమాల ఫోటోల్లో నేనెక్కడా లేను.

చదువులో ఏమీ లేదని మాత్రం అనను. కమ్యూనిటీ హెల్త్ కోర్సుకి ప్రాక్టికల్ గంటలు చెయ్యాలి. మా ఊరి గుడి హాల్లో ఆదివారాలు బల్లవేసుకుని బీపీలు చూశా. పిల్లల దగ్గరికి ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలే ఎక్కువ. ఇండియా నుంచి తెచ్చుకున్న షుగర్ మాత్రలు అయిపోతున్నాయని, ఇన్సూరెన్స్ లేదని, పిల్లలకి చెప్తే కంగారుపడతారని రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. ముగ్గురు కాదు, నలుగురు కాదు. వార్డులో నేను చూసేది గుండెపోటు వచ్చాక. అది ఎక్కడ మొదలవుతుందో ఆ బల్ల దగ్గర చూశా. ఈ పాడ్‌కాస్ట్ కూడా ఆ బల్ల దగ్గరే పుట్టింది, అది మీలో చాలామందికి తెలుసు.

2018లో డిగ్రీ వచ్చింది. ఛార్జ్ నర్సునయ్యా, ఏడాది తర్వాత. గంటకి పెరిగింది చెప్పుకునేంత కాదు. తెల్లావిడ చదవనంది, చదవకుండానే రిటైరైంది, ఆమె చివరి రోజున వార్డంతా ఏడ్చింది.

ఇక, చెల్లీ, నీ మొదటి ప్రశ్న. చదవాలా? ఇంకా పదిహేనేళ్లు పనిచెయ్యాలనుకుంటే, దేశం మారే ఆలోచన ఉంటే, చదువు. కానీ డబ్బు కట్టేముందు మూడు పనులు చెయ్యి. ఆ డిగ్రీని నువ్వుంటున్న దేశం, నువ్వు వెళ్లాలనుకునే దేశం రెండూ ఒప్పుకుంటాయో లేదో వాళ్ల లైసెన్సింగ్ ఆఫీసునే అడుగు, ఏజెంటుని కాదు. కొన్నిచోట్ల ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలని పక్కన పెట్టేస్తారు. నీ జీఎన్ఎం‌కి ఎన్ని క్రెడిట్లిస్తారో రాతపూర్వకంగా తీసుకో. వాళ్లు తక్కువిస్తే గంటలవారీగా సిలబస్ తెప్పించి మళ్లీ అడుగు. నేను అలా అడిగి రెండు కోర్సులు తగ్గించుకున్నా, ముందే తెలిసుంటే ఇంకోటి తగ్గేదేమో. మీ ఆసుపత్రిని డబ్బడుగు. డబ్బివ్వకపోతే సెలవడుగు, పరీక్ష వారంలో రాత్రి డ్యూటీ లేకుండా వెయ్యమను. ఇవ్వరేమో, కానీ అడిగినట్టు కాగితం ఉండాలి.

నాకు ఆ సిలబస్ కోసం 2016లో మా పాత స్కూలుకి ఫోన్ చెయ్యాల్సొచ్చింది. ఇరవై ఏళ్లయింది, ఎవరుంటారులే అనుకున్నా. ఎత్తిన క్లర్కు నా బ్యాచ్ అడిగి, అరగంట ఆగి చెయ్యమ్మా అన్నాడు. మళ్లీ చేస్తే, రిజిస్టరు దొరికిందట, చెదలు అంచులు తిన్నాయి కానీ పేజీ బాగానే ఉందట. మెడికల్ వార్డు ఇన్ని గంటలు, సర్జికల్ ఇన్ని, లేబర్ రూం ఇన్ని, నైట్ డ్యూటీ ఇన్ని అని మా మేట్రన్ చేతిరాతలో ఉన్నదంతా ఫోన్లో చదివి వినిపించాడు. నేను ఇక్కడ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చున్నా. చెల్లెలు నిన్న మళ్లీ మెసేజ్ పెట్టింది. వాళ్ల స్కూలు మూతపడిందట, రికార్డులు నర్సింగ్ కౌన్సిల్‌కి వెళ్లాయో లేదో కనుక్కోవడానికి వాళ్ల తమ్ముడిని సోమవారం పంపుతోందట.